కట్ట మీద చీటీ

నెలకో ఆదివారం పొద్దున్నే లేచి, కాఫీ కలుపుకుని, లాప్‌టాప్ ముందు కూచుని కొన్ని వేల కాయితాలు చెరిపేస్తాను.

అమెరికాలో అప్పటికింకా శనివారం రాత్రి. అక్కడి ఇన్సూరెన్సు కంపెనీ ఒకదానికి మేం హైదరాబాదు నుంచి పని చేసిపెడతాం. వాళ్ళ పాలసీలు, రసీదులు, క్లెయిము ఫారాలు, కస్టమర్లు రాసిన ఉత్తరాల స్కాన్లు, వాటికి కంపెనీ ఇచ్చిన జవాబులు అన్నీ ఒక ఆర్కైవ్ సిస్టమ్‌లో ఉంటాయి. దాన్ని చూసుకునే అడ్మిన్లలో నేనొకదాన్ని. పెళ్ళిళ్ళలో ఎవరైనా "సాఫ్ట్‌వేరంటే ఏం చేస్తావమ్మా?" అని అడిగితే, "రికార్డు రూమండీ, మా నాన్న చేసిన పనే" అంటాను. జోకనుకుని నవ్వుతారు. జోకు కాదు.

నాన్న కోనసీమలో ఒక రెవెన్యూ ఆఫీసులో రికార్డు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాడు. ఆయన చేరినప్పుడు అది తాలూకా ఆఫీసు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాక ఎమ్మార్వో ఆఫీసయింది. చిన్నప్పుడు బడి వదిలాక నేను అక్కడికే వెళ్ళి కూచునేదాన్ని. ఇనప రాకులు, వాటి మీద గుడ్డలో చుట్టి పురికొసతో బిగించిన కట్టలు, కలరా ఉండల వాసన. ప్రతి కట్టకీ ఒక అట్టముక్క వేలాడుతుండేది. ఏ సంవత్సరం, ఏ సెక్షను, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా అన్నది దాని మీద రాసి ఉండేది. నాన్న దాన్ని చీటీ అనేవాడు.

1984లో కరణాలు, మునసబుల పదవులు రద్దయినప్పుడు ఊళ్ళ లెక్కలన్నీ ఆఫీసుకొచ్చి పడ్డాయట. అడంగళ్ళు, డైగ్లాట్లు, 10(1) లెక్కలు. కొందరు అన్నీ తెచ్చి అప్పజెప్పారు. కొందరు కొన్ని తెచ్చి, మిగతావి అటక మీదే ఉంచుకున్నారు. వచ్చినవాటికి చీటీలు రాసి రాకుల్లోకి ఎక్కించేసరికి రెండేళ్ళు పట్టిందని చెప్పేవాడు. "కట్ట ఎక్కడికీ పోదమ్మా. చీటీ పోతుంది. చీటీ పోయిందంటే ఇంక కట్ట ఉన్నా లేనట్టే" అనేవాడు.

ఆ ఆఫీసుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది. పని పూర్తయిన ప్రతి ఫైలుకీ ఒక అక్షరం పడుతుంది. ఎల్.డిస్ అయితే ఏడాది ఉంచి తీసేయాలి. కె.డిస్ మూడేళ్ళు. డి.డిస్ పదేళ్ళు. ఆర్.డిస్ అంటే శాశ్వతం, ఎప్పటికీ తీయకూడదు. ఈ అక్షరాలు మా ఇంట్లో మామూలు మాటలైపోయాయి. కరెంటు బిల్లు కె.డిస్. శుభలేఖ ఎల్.డిస్. నాకు తొమ్మిదో తరగతి లెక్కల్లో వచ్చిన మార్కుల్ని నాన్న దయతలచి ఎల్.డిస్ చేశాడు. అమ్మ మాత్రం, "మా పుట్టింటివాళ్ళు పెళ్ళిలో చేసిన పొరపాట్లన్నీ మీ నాన్న దగ్గర ఆర్.డిస్సే" అనేది.

అందుకే ఉద్యోగంలో చేరిన కొత్తలో, ట్రైనింగులో "రిటెన్షన్ క్లాస్" అని స్లైడు వెయ్యగానే నాకు నవ్వొచ్చింది. ఫలానా రకం కాయితం పాలసీ ముగిశాక ఏడేళ్ళు, ఫలానాది పదేళ్ళు, ఫలానాది శాశ్వతం. అక్షరాలు మారాయంతే.

సిస్టమ్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి స్టోరేజీ. అసలు ఫైళ్ళన్నీ అక్కడుంటాయి. అది ఒకసారి రాస్తే మళ్ళీ దిద్దలేని రకం. గడువు తీరేదాకా అడ్మిన్ అడిగినా చెరపనివ్వదు. రెండోది ఇండెక్స్. పాలసీ నంబరు, పేరు, తేదీ, ఏ రకం కాయితం, ఎన్ని పేజీలు అన్నవి ఒక్కో ఫైలుకి ఒక్కో వరసగా డేటాబేసులో ఉంటాయి. కాల్ సెంటర్లో అమ్మాయి నంబరు కొట్టి వెతికేది ఈ ఇండెక్స్‌లోనే. ఇందులో ఒక అంకె తప్పు పడితే, స్టోరేజీలో ఫైలు చెక్కుచెదరకుండా ఉన్నా ఎవరికీ దొరకదు. నాన్న చెప్పిన కట్టా చీటీ ఇవే.

"స్టోరేజీ చవకే కదా, అసలు చెరపడం దేనికి?" అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. డబ్బు చిన్న కారణం. కాయితం దగ్గరుందంటే దాన్ని కాపాడే పూచీ కూడా మన మీదుంటుంది. అందులో ఒక మనిషి జబ్బు ఉంటుంది, జీతం ఉంటుంది, ఎవరు పోయాక డబ్బు ఎవరికి రావాలో ఉంటుంది. అవసరం తీరాక కూడా దాన్ని అట్టే పెట్టుకునే హక్కు కంపెనీకి లేదనే వైపే చట్టాలు వెళుతున్నాయి. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అదే చెబుతుంది. మన దగ్గర 2023లో చేసిన డేటా రక్షణ చట్టమూ అంతే. చెరపడం కూడా కాపాడటంలో భాగమే.

ఒక్క చోట మాత్రం చెరపకూడదు. కోర్టులో కేసు పడినా, పడేలా ఉన్నా, దానికి సంబంధించిన కాయితాలన్నిటికీ లీగల్ హోల్డ్ వేస్తారు. గడువు ఎప్పుడో దాటిపోయినా సరే, హోల్డ్ ఉన్నంత కాలం ముట్టుకోకూడదు. దీనికి ట్రైనింగులో అందరికీ ఒకే కథ చెబుతారు. 2001లో ఎన్రాన్ కూలిపోతున్నప్పుడు ఆడిటర్లయిన ఆర్థర్ ఆండర్సన్ వాళ్ళు ఎన్రాన్ కాయితాల్ని కుప్పలుగా ముక్కలు చేశారు. 2002లో జ్యూరీ నేరం రుజువైందంది. 2005లో, జ్యూరీకి చట్టాన్ని సరిగా వివరించలేదని సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అప్పటికి ఆ సంస్థ ఇంచుమించు మిగల్లేదు. కాయితాల్ని పద్ధతి ప్రకారం తీసేయమని వాళ్ళకీ ఒక పాలసీ ఉండేది. షెడ్యూల్ ప్రకారమే చేశాం అన్న మాట ఎంత దూరం కాపాడుతుందో, ఎక్కడ కాపాడదో ఆ కథలో ఉంది. నేను కూడా కొత్తవాళ్ళకి ఐదేళ్ళు ఆ కథ చెప్పాను.

తర్వాత 2019 వచ్చింది.

క్లయింటు మీద ఒక కేసు పడింది. పాత క్లెయిముల్ని అన్యాయంగా తిరస్కరించారని కొంతమంది కలిసి వేసిన కేసు. వాళ్ళ లీగల్ డిపార్ట్‌మెంట్ నుంచి 640 పాలసీ నంబర్లతో ఒక ఎక్సెల్ షీటు వచ్చింది. వీటన్నిటికీ హోల్డ్ వెయ్యాలి. అలాంటి షీట్లు అప్పటికి చాలా చూశాను. నంబర్లు చదివి, ఆర్కైవ్‌లో వెతికి, దొరికినవాటికి హోల్డ్ వేసే స్క్రిప్టు నేనే రాశాను. నడిపాను. 611 దొరికాయి. 29 దొరకలేదు.

అలా కొన్ని దొరక్కపోవడం మామూలే. కొందరి పేరున కాయితాలే ఉండవు, కొన్ని నంబర్లు షీటులో రెండుసార్లు పడతాయి. శుక్రవారం సాయంత్రం, ఏడు కావస్తోంది, కింద క్యాబ్ ఎదురుచూస్తోంది. "హోల్డ్ పూర్తయింది" అని రాసి పంపేశాను.

మా పాలసీ నంబర్లు పది అంకెలవి. వాటిలో ఒక పాత సిరీస్ సున్నాలతో మొదలవుతుంది. ఎక్సెల్‌కి నంబరు ముందు సున్నాలుంటే అవి అనవసరంగా కనిపిస్తాయి, తీసేస్తుంది. ఆర్కైవ్‌లో సున్నాలున్నాయి, షీటులో లేవు. నా స్క్రిప్టు రెండూ వేరువేరు నంబర్లనుకుంది. ఆ 29 నంబర్ల మీదా హోల్డ్ పడలేదు.

రెండు వారాల తర్వాత ఆదివారం పొద్దున్న ఎప్పట్లాగే పర్జ్ నడిపాను. గురువారం క్లయింటు లీగల్ టీము నుంచి ఒక టికెట్ వచ్చింది. హోల్డ్‌లో ఉన్న ఒక పాలసీ మీద కాయితాలేవీ రావట్లేదు, చూడండి, అని. నంబరు చూశాను. రెండు సున్నాలతో మొదలైంది. చేతులు చల్లబడ్డాయి.

29లో 25 పాలసీల కాయితాలకి ఇంకా గడువు తీరలేదు కాబట్టి బతికిపోయాయి. నాలుగు పాలసీలవి పోయాయి. వేరే ఊళ్ళో రెండో కాపీ ఉంటుంది. చెరిపిన సంగతి అక్కడికి వెంటనే వెళ్ళదు, వారం పొడుగునా విడతలు విడతలుగా వెళుతుంది. ముందు దాన్ని ఆపించాను. ఆ రాత్రంతా కూచుంటే మూడు పాలసీల కాయితాలు వెనక్కి వచ్చాయి. నాలుగోది బుధవారం విడతలో వెళ్ళిపోయింది.

టికెట్‌లో అడిగిన పాలసీ, దొరికిన మూడింట్లో ఒకటి.

మా లీడ్ మంచివాడే. నా మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజూ నెమ్మదిగానే అన్నాడు. "అడిగింది దొరికింది కదా. నాలుగోది ఎవరూ అడగలేదు. అడిగినప్పుడు చూద్దాం. రిటెన్షన్ షెడ్యూల్ ప్రకారం పోయిందని లాగ్‌లోనే ఉంది. అది అబద్ధం కూడా కాదు." లాగ్‌లో నిజంగానే అలా ఉంది. ఆ లాగ్‌ని కూడా తొంభై రోజుల తర్వాత సిస్టమే తీసేస్తుంది.

టికెట్‌లో "రూట్ కాజ్" అని ఒక పెట్టె ఉంటుంది. అందులో ఏం రాయాలో సోమవారం లోపల తేల్చాలి.

శనివారం పొద్దున్న డేటాబేసు బ్యాకప్ లోంచి ఆ నాలుగో పాలసీ ఇండెక్స్ వరసలు బయటికి తీశాను. పదకొండు వరసలు. పేరు ఒక ఆడమనిషిది. 2010లో క్లెయిము ఫారం. అదే తేదీన డెత్ సర్టిఫికెట్. రెండు నెలలకి తిరస్కరణ ఉత్తరం. మూడు వారాల తర్వాత ఒక వరస: ఉత్తరం, చేతిరాత, రెండు పేజీలు. తర్వాత కంపెనీ జవాబు, ఒక పేజీ. ఆ తర్వాత మళ్ళీ చేతిరాత, ఒక పేజీ. 2011లో క్లెయిము మూసేశారు.

ప్రతి వరస చివరా అరవై నాలుగు అక్షరాల హ్యాష్ ఒకటుంటుంది. ఫైలు వేలిముద్ర లాంటిది. అదే ఫైలుని ఎవరైనా తెచ్చి నా ముందు పెడితే, ఇది అదే, ఒక్క చుక్క కూడా మారలేదని ఆ హ్యాష్ చూసి చెప్పగలను. కానీ హ్యాష్ లోంచి ఉత్తరాన్ని వెనక్కి తీసుకురాలేం. ఎన్ని కంప్యూటర్లు పెట్టినా అందులో ఒక్క మాట చదవలేం. ఆవిడ రెండు పేజీలు రాసిందని నాకు తెలుసు. ఏం రాసిందో లోకంలో ఆవిడకి తప్ప ఇంకెవరికైనా తెలుసో లేదో తెలీదు. నాన్న జీవితమంతా చీటీ లేని కట్టల గురించి చెప్పాడు. నా దగ్గర చీటీ మిగిలింది, కట్ట లేదు.

నాన్నకి ఫోన్ చేశాను. రిటైరై ఆరేళ్ళవుతోంది అప్పటికి. సున్నాల సంగతి వివరించబోతే, "అర్థమైందిలే, నంబరు తప్పు పడింది, అంతే కదా" అన్నాడు. లీడ్ అన్న మాట కూడా చెప్పాను. నిజం రాసెయ్యమంటాడని ఎదురుచూస్తున్నాను. అసలు ఆ మాట అనిపించుకోవడానికే ఫోన్ చేశానేమో.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తొంభయ్యారు తుపాను నీకు గుర్తుందా?" అన్నాడు.

గుర్తుంది. 1996 నవంబరు 6. తెల్లారేసరికి మా ఊళ్ళో కొబ్బరి చెట్లన్నీ ఒకేవైపు పడున్నాయి. నాన్న రెండ్రోజులు ఇంటికి రాలేదు. రికార్డు రూములోకి మోకాలెత్తు నీళ్ళొచ్చాయని, కింది రాకుల్లో కట్టలన్నీ తడిసిపోయాయని తర్వాత తెలిసింది. డాబా మీద కాయితాలు ఆరబెట్టడం నేను చూశాను కూడా. ఇటుకముక్కలు బరువు పెట్టి, వరసలు వరసలుగా. ఆ కథలో నాన్న నాకెప్పుడూ హీరోయే.

"పోయినవాటికి లిస్టు తయారుచెయ్యమన్నారు" అన్నాడు నాన్న. "నేనే రాశాను. తడిసి పనికిరాకుండా పోయినవన్నీ రాశాను. అంతకు ముందు నుంచీ కనపడని ఫైళ్ళు కొన్ని ఉండేవి, అవి కూడా ఇందులో కలిపెయ్యమన్నారు. తుపాను అందరికీ కలిసొచ్చిందనుకో. నేను ఒప్పుకోలేదు. గొడవ కూడా పడ్డాను."

"తెలుసు నాన్నా, చెప్పావుగా."

"ఒకటి మాత్రం కలిపాను."

డి.ఫారం పట్టా ఫైలు. ఒక ముసలాయనకి ప్రభుత్వం ఇచ్చిన ఎకరంలోపు భూమి. తుపానుకి రెండు నెలల ముందు ఏదో పని మీద సెక్షనుకి ఇచ్చి, తిరిగొచ్చాక నాన్నే దాన్ని వేరే కట్టలో పెట్టేశాడు. ఏ కట్టో గుర్తు రాలేదు. వెతుకుతుండగా తుపానొచ్చింది. ముసలాయన ఇంట్లో ఉన్న పట్టా కూడా ఆ నీళ్ళలోనే పోయింది. ఆఫీసు కాపీ కోసం వచ్చాడు.

"తుపానులో పోయిందండీ అని చెప్పాను. లిస్టు తీసి నంబరు కూడా చూపించాను. అచ్చులో ఉంటే నమ్ముతారు కదా. మళ్ళీ వచ్చాడు. ఏడాదికోసారి వచ్చేవాడు, ఏమైనా దొరికిందేమోనని. నాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. అరటిపళ్ళు తెచ్చేవాడు."

"వెతకలేదా నాన్నా?"

"ఎలా వెతుకుతానమ్మా? పోయిందని రాసేశాక ఇంక వెతకడానికి లేదు. ఎవరైనా చూస్తే ఏం వెతుకుతున్నావని అడుగుతారు. ఆ ఫైలు తడవలేదు. పై రాకుల్లో ఏదో ఒక కట్టలో ఉండే ఉంటుంది. ఇప్పటికీ ఉండే ఉంటుంది." కాసేపాగి, "తర్వాత రావడం మానేశాడు" అన్నాడు.

నేనేం చెయ్యాలో నాన్న చెప్పలేదు. నేనూ అడగలేదు. అమ్మ వెనక నుంచి ఎవరితో ఇంతసేపు అంటోంది. "ఉంటానమ్మా, టిఫిను తిను" అని పెట్టేశాడు.

ఆ పెట్టెలో ఏం రాయాలని ఆ రెండ్రోజులూ చాలా ఆలోచించాను అంటే అబద్ధం. ఎక్కువగా నా గురించే ఆలోచించాను. ఆ ఏడాది నాకు ఆన్‌సైట్ రావాల్సి ఉంది. ఫ్లాటు లోను అప్పుడే మొదలైంది. ఇంతకీ ఆ ఉత్తరంలో ఏముందో ఎవరికి తెలుసు, ఏమీ ఉండకపోవచ్చు కదా అనుకున్నాను. కానీ ఏమీ లేదని చెప్పడానికైనా ఉత్తరం ఉండాలి. పైగా ఆ ఉత్తరం పోతే లాభం ఎవరికి? నేను ఎవరి జీతం తింటున్నానో వాళ్ళకే. ఆవిడ లాయరు రేపు అడిగితే, షెడ్యూల్ ప్రకారం పోయిందని జవాబొస్తుంది. అచ్చులో ఉంటుంది. ఆవిడ నమ్ముతుంది.

సోమవారం రాశాను. సున్నాల సంగతి, 611కీ 640కీ తేడా నాకు కనపడిన సంగతి, కనపడి కూడా పంపేసిన సంగతి. నాలుగో పాలసీ నంబరు పది అంకెలూ సున్నాలతో సహా రాశాను. పదకొండు వరసలూ జతచేశాను. పంపే ముందు లీడ్‌కి చూపించాను. చదివి, "నీ ఇష్టం" అన్నాడు. పంపొద్దని మాత్రం అనలేదు.

ఉద్యోగం పోలేదు. పర్జ్ ఆమోదాలు ఆరు నెలలు నా చేతిలోంచి తీసేశారు. ఆ ఏడాది రేటింగ్ గురించి చెప్పుకోవడానికేం లేదు. ఆన్‌సైట్ ఇంకొకరికి వెళ్ళింది, వాళ్ళు నాకు ఫ్రిజ్ అయస్కాంతం తెచ్చారు. పోయిన కాయితాల సంగతి అవతలి పక్షం లాయర్లకి తెలియజేశారని ఒక మెయిల్లో చూశాను. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలిసే వీల్లేదు. కేసు ఫైళ్ళు వేరే సిస్టమ్, దానికి నాకు పర్మిషన్ లేదు. రెండేళ్ళకి హోల్డ్ ఎత్తేశారు. అంటే ఏదో ఒకటి తేలిందన్నమాట. ఆవిడ రెండు పేజీలు లేకుండానే తేలింది.

ఇప్పుడు నా స్క్రిప్టులో ఒక మార్పుంది. అడిగిన లెక్కకీ దొరికిన లెక్కకీ ఒక్కటి తేడా వచ్చినా ఆగిపోతుంది. ఆ తేడాలో ఉన్న ప్రతి నంబరునీ ఒక మనిషి చూసి, ఎందుకు లేదో పక్కన రాస్తే తప్ప ముందుకి కదలదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇది మరీ చాదస్తమంటారు. వాళ్ళకి ఆర్థర్ ఆండర్సన్ కథ చెప్పడం మానేశాను. ఇది చెబుతున్నాను.

ఆ టికెట్ కూడా ఒక రికార్డే. ఇన్సిడెంట్ రిపోర్టులకి మా షెడ్యూల్లో ఏడేళ్ళు. 2026 చివర్లో ఒక ఆదివారం అది కూడా పర్జ్ లిస్టులోకి వస్తుంది. ఆ పదకొండు వరసలూ దానితోపాటే పోతాయి. ఆమోదించేది నేనే అవుతాను, ఈ ఉద్యోగంలోనే ఉంటే. ఆపడానికి కారణమేదీ లేదు. రూలు రూలే.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్నకి ఈ సంగతి చెప్పాను. అరుగు మీద కూచుని పేపరు చదువుతున్నాడు. కళ్ళజోడు తీసి అడిగాడు.

"ఏ డిస్ అది?"

"ఏడేళ్ళది నాన్నా. మీ దగ్గర అలాంటిది లేదు."

నాన్న లెక్కేసుకున్నాడు. "మూడుకీ పదికీ మధ్య అన్నమాట" అన్నాడు. పేపరు మడిచి పక్కన పెట్టాడు. కాసేపాగి, ఆ ముసలాయనది ఏ ఊరో, వీధి పేరేమిటో, ఇంటి ముందు ఏ చెట్టుండేదో చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఫోన్ తీసి రాసుకున్నాను.